దయ్యం వెనకాల బాపు

మా బాపును దయ్యం పట్టుకోలేకపోయింది. ఒకటి కాదు, నాలుగు దయ్యాలు ఒకదాని తర్వాత ఒకటి వచ్చి, వెతికి వెతికి, ఉత్తచేతులతో వెళ్లిపోయాయి. ఈ సంగతి ఎక్కడ ఎత్తినా నేను గొప్పలు చెప్పుకుంటున్నానని అంటారు. చెప్పుకుంటాను. అంతకుముందు మా ఇంట్లో గొప్పగా చెప్పుకోవడానికి ఏముండేదని?

ఆ ఎండాకాలం సిరిసిల్లలో సాంచెలు ఆగిపోయాయి. సాంచె అంటే మరమగ్గం, మా దగ్గర అందరూ అలాగే అంటారు. నేసిన గుడ్డ గోదాముల్లో పేరుకుపోయిందనీ, కొత్త నూలు రావడం లేదనీ చెప్పి ఉగాది దాటిన వారానికి ఆసాములు, అంటే సాంచెల యజమానులు, కార్ఖానాలకు తాళాలు వేశారు. పుట్టిన దగ్గరనుంచీ నేను మా వాడను చప్పుడు లేకుండా ఎరగను. మొదటి రోజు పొద్దున నిద్ర లేచి, ఏదో జరగరానిది జరిగిందని హడలిపోయాను. పక్కింటి కుక్క చెవి గోక్కుంటున్న చప్పుడు కూడా వినపడుతోంది.

మా బాపు, అంటే నాన్న, పేరు కైలాసం. ఇరవై ఆరేళ్లుగా సాంచెల మీదే ఉన్నాడు, ఒక్కడే ఎనిమిది నడుపుతాడు. మా అవ్వ నవనీత ఇంట్లోనే బీడీలు చేస్తుంది; అమ్మను మేం అవ్వ అనే పిలుస్తాం. నన్ను మమతారాణి అంటారు. డిగ్రీ రెండో సంవత్సరం పరీక్షలు రాసి అప్పుడే ఇంటిపట్టున పడ్డాను.

సాంచెలు ఆగిన నాలుగో రోజు అవ్వకూ బాపుకూ గొడవ మొదలైంది. బాపు పొయ్యికి రెండడుగుల దూరంలో కూర్చుని పేపరు చదువుతున్నాడు. అవ్వ వాకిట్లోంచి, "ఏమయ్యా, పాలు పొంగుతున్నయ్, జర మంట తగ్గియ్యి" అని కేకేసింది. బాపు పేజీ తిప్పాడు. పాలు పొంగి, పొయ్యి ఆరి, గచ్చంతా పారాయి.

"పని లేకపాయె. పట్టింపు గూడ లేకపాయెనా నీకు?" అంది అవ్వ, బట్ట తెచ్చి తుడుస్తూ. దానికీ ఆయన తల ఎత్తలేదు. అవ్వకు ఒళ్లు మండింది. ఇక ఈ మనిషితో మాట్లాడేది లేదని ఒట్టు పెట్టుకుంది.

మూడు రోజులు ఆ ఒట్టు నిలబెట్టుకుంది. మూడో రోజు సాయంత్రం బాపు నా దగ్గరికి వచ్చి, "మీ అవ్వకు పానం మంచిగ లేదా బిడ్డా? మొకం మాడ్చుకున్నది" అని అడిగాడు. మూడు రోజులుగా ఆమె తనతో మాట్లాడటం లేదన్న సంగతే ఆయనకు తెలియదు! నాకు నవ్వొచ్చింది. సరిగ్గా అప్పుడే ఆయన వెనకాల అవ్వ చేతిలోంచి స్టీలు బిందె జారి గచ్చు మీద పడింది. పడి, గడప దాకా దొర్లింది. వాడలో ఇద్దరు ముగ్గురు తొంగి చూశారు. బాపు మాత్రం నా జవాబు కోసం నా మొహమే చూస్తున్నాడు. అవ్వ నన్ను చూసింది, నేను అవ్వను చూశాను. నా నవ్వు అక్కడే ఆగిపోయింది.

ఇదెలా కనిపెట్టలేదని మీరు అడగొచ్చు. సాంచెల మధ్య ఎవరూ నోటితో మాట్లాడరు. ఆ మోతలో అరిచినా వినపడదు. చేతులతో చెప్పుకుంటారు, పెదాలు చూసి అర్థం చేసుకుంటారు. రెండు వేళ్లు మెలేసి లాగితే పోగు తెగిందని, బొటనవేలు నోటి దగ్గర పెడితే చాయ్ తాగుదామని, పొట్ట మీద అరచెయ్యి గుండ్రంగా తిప్పితే ఆసామి వస్తున్నాడని. మధ్యాహ్నం సద్ది తీసుకుపోతూ చిన్నప్పుడే నాకూ అవన్నీ వచ్చాయి. ఇంటికొచ్చాక సాంచెలోళ్లందరూ గట్టిగానే మాట్లాడతారు. బాపూ అంతే. ఆయన చెవులు ఎప్పుడు పోయాయో కార్ఖానాలో ఒక్కరికీ తెలియలేదు, తెలియాల్సిన అవసరం కూడా రాలేదు. వాడ సద్దుమణిగాకే మాకు తెలిసింది.

అవ్వ ఎదురుగా కూర్చుని, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకోకుండా, మెల్లగా అడిగింది. "ఎన్నొద్దుల సంది?"

బాపు తల దించుకున్నాడు. "మూడేండ్లు. ఎవలకు చెప్పకున్రి. అంతయ్యన్నకు తెలిస్తె సాంచెలు మల్ల షురూ అయినప్పుడు నన్ను పక్కకు వెట్టి వేరేటోన్ని ఎక్కిస్తడు. చెవిటోనికి ఎవలిస్తరు ఎనిమిది సాంచెలు?"

అంతయ్య మా బాపు పనిచేసే కార్ఖానా ఆసామి. మేం ఎవరికీ చెప్పలేదు. బాపు బయటికి పోవడం తగ్గించాడు, చాయ్ హోటల్ మానేశాడు. ఎవరైనా పలకరిస్తే నవ్వి తలూపి లోపలికి వచ్చేసేవాడు. ఆ నవ్వు ఆయనది కాదు.

ఇక దయ్యాల సంగతి. నేనూ నా దోస్తు లైబా సెల్‌ఫోన్‌లో ఒక ఆట ఆడేవాళ్లం. పేరు పాడుబంగ్లా. చీకటి బంగళాలో ముగ్గురు దాక్కోవాలి, అవతలి జట్టులో ఒకడు దయ్యమై వెతుకుతాడు. ఆరు నిమిషాలకు గంట కొడుతుంది. అప్పటికి ఎంతమంది మిగిలితే అంత గెలుపు. తర్వాత వాళ్లు దాక్కుంటారు, మనలో ఒకరు దయ్యం. చిక్కేమిటంటే, అందరి మైకులూ తెరిచే ఉండాలి. దగ్గర్లో ఎవరు గుసగుసలాడినా దయ్యానికి వినిపిస్తుంది. ఉన్నట్టుండి చెవిలో ఒక కేక వస్తుంది చూడండి, గుండె జారిపోతుంది. మా మూడో మనిషి మా మామ కొడుకు భానుప్రసాద్. ఆ కేక వచ్చిన ప్రతిసారీ వాడు "ఓయవ్వో" అని అరిచేవాడు, దయ్యం నేరుగా వచ్చి మమ్మల్ని మూటగట్టి పట్టుకుపోయేది.

మే నెల ఆఖరి ఆదివారం కరీంనగర్‌లో పోటీ పెట్టారు. పదహారు జట్లు. మేం పేర్లిచ్చాక భానుప్రసాద్‌కు అదే రోజు మంచిర్యాలలో ఏదో ఉద్యోగ పరీక్ష పడింది. వాడు పోయినందుకు మాకేం బాధ కలగలేదు గానీ మూడో మనిషి కావాలి కదా.

లైబా వాళ్ల నాన్న రజాక్ చాచాది సెల్ రిపేరు దుకాణం. మేం మధ్యాహ్నాలు అక్కడే బల్ల మీద కూర్చుని ఆడేవాళ్లం. ఆ రోజు బాపు తన ఫోన్ చార్జింగ్ ఎక్కడం లేదని తీసుకొచ్చి, రజాక్ చాచా చేతికిచ్చి, మా వెనకాల నిలబడ్డాడు. నేను ఆటలో బీరువాలో దాక్కుని ఊపిరి బిగబట్టాను. బాపు చెయ్యి నా కళ్ల ముందుకు వచ్చింది. పొట్ట మీద అరచేతిని గుండ్రంగా తిప్పి, బొటనవేలితో కుడిపక్క చూపించాడు.

ఆలోచించకుండానే నేను బీరువాలోంచి దూకి ఎడమ పక్కకు పరుగెత్తాను. మరుక్షణం దయ్యం వచ్చి బీరువా తెరిచింది. ఖాళీ.

"చాచా ఏమన్నడే?" అంది లైబా, మా బాపును చూస్తూ.

"ఆసామి వస్తుండన్నడు."

లైబా బల్ల మీద పడి నవ్వింది. బాపు నా తెర మూలన కిటికీలో నీడ కదలడం చూశాడట. ఎనిమిది సాంచెల్లో ఎక్కడ పోగు తెగినా తల తిప్పకుండా పట్టే కన్ను అది. మాకు మాత్రం నీడ కనపడలేదు, అడుగుల చప్పుడు వినాలని చెవులు రిక్కించుకుని ఉన్నాం.

"అరె చాచా, మాతోని మీరే ఆడుండ్రి! భానుగాడు పోతేపాయె" అని లైబా ఆయన చెయ్యి పట్టుకుంది.

పదిమందిలో ఆయన సంగతి బయటపడితే? నేను వద్దనేలోపే బాపు నా ఫోన్ తీసుకుని అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు. నెల రోజుల తర్వాత ఆయన ముఖంలో అలాంటి వెలుగు చూశాను. వద్దనలేకపోయాను.

పదకొండు రోజులు సాధన చేశాం. మొదటి రెండు రోజులు బాపు గోడలకు గుద్దుకుంటూ తిరిగాడు. మూడో రోజు నుంచి గుద్దుకోవడం మానేశాడు. చెవిలో ఆ భయంకరమైన కేక పడినప్పుడు నేనూ లైబా ఎగిరిపడేవాళ్లం, ఆయన మాత్రం తాపీగా ముందుకు పోతూ ఉండేవాడు.

"చాచాకు గుండెనా, రాయా?" అనేది లైబా. నేను తల తిప్పుకునేదాన్ని. ఒక రోజు ఆయన ఇయర్‌ఫోన్ ఊడి బల్ల మీద పడింది, ఆయన గమనించకుండానే ఆడుతున్నాడు. లైబా దానిని చూసింది. నన్ను చూసింది. ఏమీ అడగలేదు. ఆ రోజు నుంచి చాచాతో మాట్లాడాలంటే ఎదురుగా వచ్చి నిలబడి మాట్లాడేది.

చేతి సైగలన్నీ లైబాకు నేర్పాం. ఆటలో మేం ఒక్క మాట కూడా పైకి అనేవాళ్లం కాదు. పెదాలు కదిపితే చాలు, ఫోన్ మీద నుంచి ఎడమ చెయ్యి ఒక్క క్షణం లేపితే చాలు. దయ్యానికి గుర్తు ఆసామి పొట్టే. తలుపు మూసెయ్ అంటే బీము దించు, సాంచె మీది నూలు దుంగను దించే సైగ. ఇల్లంతా ఇలాగే మాట్లాడుకోవడం మొదలుపెట్టాం. అవ్వ కూడా బీడీలు చుడుతూ, ఆకు కత్తిరించే కత్తెర చూపించి, తొందరగా అన్నానికి రాకపోతే మా చెవులు కోస్తానని సైగ చేసేది.

ఒక మధ్యాహ్నం బాపు మా ఇద్దరికీ పాఠం చెప్పాడు. "గీ ఆడేటోల్లంత బీరువాల్ల దూరి కూసుంటున్నరు. దయ్యం ఏం తెరుస్తది? బీరువలే తెరుస్తది. కూసుంటే దొరికినట్టే. నేను సాంచెల నడుమ ఒక్క దగ్గర నిలవడితె ఏదో ఒకటి కరాబైతది. తిరుగుతనే ఉండాలె. దయ్యం ముందట పోతుంటే దాని ఎనకనే పోవాలె. అది ఎనకకు మల్లేలోపే గోడ మలుపు తిరగాలె."

"ఎనకనా? దయ్యం ఎనకనా?" అన్నాను.

"దానికి ఎనక కండ్లు లేవు గద బిడ్డా."

ఆదివారం పొద్దున మొదటి బస్సుకు కరీంనగర్ చేరాం. పోటీ ఒక ఫంక్షన్ హాల్లో. ముందర పెద్ద తెర, దానికి వీపు పెట్టి కూర్చునేలా ఆడేవాళ్ల బల్లలు, చుట్టూ రెండు మూడు వందల మంది కుర్రకారు. మా సిరిసిల్ల వాళ్లు కూడా చాలామందే కనిపించారు. పేర్లు రాసుకునే అతను బాపును ఊరు అడిగాడు. బాపు నవ్వి తలూపాడు. వయసు అడిగాడు. బాపు తలూపాడు.

"ప్రయాణం చేసి అలసిపోయాడండీ" అన్నాను నేను చప్పున. అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో! నా మీద నాకే అసహ్యం వేసింది.

"అంకుల్ ఆడతాడా? దయ్యంగా పనికొస్తాడు" అన్నాడు వెనకనుంచి ఎవడో. చుట్టూ నవ్వారు. బాపు కూడా వాళ్లతో పాటు నవ్వాడు, ఎందుకు నవ్వుతున్నారో తెలియకుండా. నేను ఆ రోజు గెలవాలనుకున్నది బహుమతి కోసం కాదని నాకు అప్పుడు అర్థమైంది. ఆ నవ్వు మా బాపు మొహం మీదినుంచి పోవాలి. అంతే.

మొదటి ఆటలో ముగ్గురం మిగిలాం. రెండో ఆటలోనూ ముగ్గురం. ఓడిన జగిత్యాల జట్టు లేచి గొడవ పెట్టుకుంది. వీళ్లు మైకులు ఆపుకున్నారు, ఒక్క మాట వినపడలేదు, ఇది మోసం అని. నిర్వాహకుడు వచ్చి మా మూడు ఫోన్లూ చూశాడు. మైకులు తెరిచే ఉన్నాయి. నియమాల కాగితం తీసి పైనుంచి కింది దాకా చదివాడు.

"మైకు తెరిచి ఉండాలని ఉంది. మాట్లాడి తీరాలని లేదు" అని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. లైబా వాళ్ల వైపు తిరిగి, పొట్ట మీద చెయ్యి గుండ్రంగా తిప్పింది. వాళ్లకేం అర్థం కాలేదు, అదే మంచిదైంది.

మూడోది అతికష్టం మీద గట్టెక్కి ఆఖరి ఆటకు వచ్చాం. ఎదురుగా చెన్నూరు జట్టు. ముందు వాళ్లు దాక్కున్నారు. లైబా దయ్యమై ఒక్కడినే పట్టగలిగింది, ఇద్దరు మిగిలారు. తర్వాత మా వంతు. వాళ్ల దయ్యం కుర్రాడు ఉద్దండుడు. రెండో నిమిషంలోనే లైబా దొరికింది. మూడో నిమిషం పూర్తికాకముందే నేను. దొరికినవాళ్లు గీత వెనక్కి పోయి కూర్చోవాలి, సైగలు చేయకూడదు. బాపు ఒక్కడే మిగిలాడు. ఎవరి పెదాలూ లేవు, ఎవరి చేతులూ లేవు.

గీత వెనక నేను లైబా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకున్నానంటే, దాని గాజు ఒకటి విరిగింది. అందరూ దయ్యం అడుగులు విని తప్పించుకుంటారు. మా బాపుకు అదీ లేదు. పెద్ద తెర మీద బంగళా అంతా కనపడుతోంది. దయ్యం ఒక్కొక్క గదీ వెతుకుతూ పోతోంది. దాని వెనకాలే, నాలుగడుగుల దూరంలో, మా బాపు బొమ్మ నడుస్తోంది. దయ్యం బీరువా తెరిస్తే ఆగింది. దయ్యం కదిలితే కదిలింది. దయ్యం వెనక్కి తిరగబోయేసరికి గోడ మలుపు దాటేసింది. హాలు మొదట ఘొల్లున నవ్వింది. తర్వాత నవ్వు ఆగిపోయింది. నాలుగో నిమిషం, ఐదో నిమిషం. బల్ల దగ్గర బాపు మొహంలో నేను చిన్నప్పుడు కార్ఖానా గుమ్మంలో సద్దితో నిలబడి చూసిన మనిషే కనిపించాడు. ఎనిమిదింటి మధ్యా తిరిగే మనిషి, తొందర లేని మనిషి.

గంట కొట్టింది. జనం లేచి నిలబడి ఈలలు వేశారు. చెన్నూరు కుర్రాడు ఫోన్ కింద పెట్టి చేతులెత్తేశాడు. బాపు ఇంకా నడిపిస్తూనే ఉన్నాడు. నేను పరుగెత్తి వెళ్లి భుజం మీద చెయ్యి వేస్తే అప్పుడు ఆపాడు.

లెక్క ప్రకారం మేం రెండో స్థానం. వాళ్లకు ఇద్దరు మిగిలారు, మాకు ఒక్కరు. కానీ ఆ రోజు మొత్తంలో ఒక్కసారి కూడా దొరకని మనిషి మా బాపు ఒక్కడే. ముందు ఆయననే వేదిక మీదికి పిలిచారు. నేనూ లైబా పక్కన నిలబడ్డాం.

"అంకుల్, నాలుగు దయ్యాలను తిప్పలు పెట్టారు. ఏంటి మీ రహస్యం?" అన్నాడు మైకు అతను.

బాపు నవ్వి తలూపాడు. అతను మళ్లీ అడిగాడు. బాపు మళ్లీ తలూపాడు. వెనక వరసల్లో కిసకిసలు మొదలయ్యాయి. అలసిపోయాడని చెప్పడానికి నేను నోరు తెరిచాను. బాపు నా మొహం చూశాడు. పెదాలు చదివే మనిషికి, ఇంకా బయటికి రాని అబద్ధం కూడా కనపడుతుంది కాబోలు. చెయ్యి ఎత్తి నన్ను ఆపాడు. అతని చేతిలోంచి మైకు తీసుకున్నాడు.

"నాకు ఇనరాదు బిడ్డా" అన్నాడు, సాంచెలోళ్ల గొంతుతో. హాలంతా మార్మోగింది. "మూడేండ్లాయె. నువ్వు అడిగేది నా బిడ్డ చేతులతోని చెప్తది. నేను నోటితోని చెప్త. అడుగు."

కిసకిసలు ఆగాయి. మైకు అతను తడబడి, "భయం వేయలేదా?" అని నన్ను అడిగాడు. నేను పొట్ట మీద చెయ్యి తిప్పి, ఛాతీ మీద వేళ్లు వణికించి చూపించాను.

"గీ దయ్యానికా?" బాపు నవ్వాడు. ఈసారిది ఆయన సొంత నవ్వు. "నా భయం వేరే ఉండె. చెవిటోనికి మల్ల సాంచెలు ఎవలిస్తరని పరేషానుండె. మా ఊరోల్లు గూడ ఉన్నరు గీడ, మంచిగ ఇనుండ్రి. మూడేండ్ల సంది ఇనకుంటనే నేసిన. నా గుడ్డల ఒక్క తప్పు పోగు ఉంటే తెచ్చి సూపెట్టుండ్రి."

చప్పట్లు పడ్డాయి. నాకు ఏడుపొచ్చింది. సిగ్గుతో కొంత, గర్వంతో చాలా ఎక్కువ. ఆయన దాచిపెట్టమంటే దాచానని సర్దిచెప్పుకున్నాను గానీ, నిజానికి నేనే దాచుకున్నాను. వేదిక మీద అందరి ముందూ ఆయన చెయ్యి పట్టుకున్నాను.

మేం బస్సు ఎక్కేలోపే ఆ వీడియో మా ఊరు చేరిపోయింది. సగం దారిలో బాపు చొక్కా జేబులో ఫోన్ వణికింది. తీసి చూస్తే ఆసామి అంతయ్య. లైబా నా వైపు చూసింది. ఎప్పుడూ ఫోన్ నాకిచ్చి పక్కకు తిరిగే బాపు, ఆ రోజు తనే ఎత్తి చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"అన్నా, నాకు ఇనరాదు, నీకు తెల్సినట్టే ఉన్నది. మమతతోని మాట్లాడు" అని నా చేతికిచ్చాడు.

"మమతా, నిజమేనా? మూడేండ్ల సంది?" అన్నాడు అంతయ్య.

"నిజమే పెద్దబాపూ."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తె సాంచెలు ఇయ్యవని."

"ఇయ్యకపోతుంటినేమో" అన్నాడు అంతయ్య. "గిప్పుడే గోదాముల కూసొని మీ బాపు నేసిన గుడ్డ తాన్లు ఇప్పి సూసిన. పదిహేను తాన్లు. ఒక్క తప్పు దొరకలే. బేస్తవారం నూలు వస్తున్నది. ఎనిమిది సాంచెలు ఆయనకే ఎక్కిస్త. వస్తడేమో అడుగు."

నేను బాపు వైపు తిరిగి, పెదాలతో సగం, చేతులతో సగం, ఒక్క మాట పోకుండా చెప్పాను. బాపు సీటులో వెనక్కి వాలి, కాళ్లు చాపుకుని, కిటికీలోంచి బయటికి చూశాడు.

"ఆలోచించి చెప్తనని చెప్పు" అన్నాడు.

ఆ మాటే చెప్పాను. అంతయ్య సరేనన్నాడు, జవాబు కోసం ఆగి, ఫోన్ మాత్రం పెట్టెయ్యలేదు. బస్సు వేములవాడ దాటేదాకా మా బాపు ఆలోచించాడు.